ఇంజన్ దించాలా, కొత్త కారుకి దాచాలా? తేల్చకుండా నెగ్గే చిట్కాలు

మీ దగ్గర 2012 మోడల్ స్విఫ్ట్ డీజిల్ ఉందనుకుందాం. లక్షా ఎనభై వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వెనకాల నీలం పొగ. నెలకో లీటరు ఆయిల్ పోస్తున్నారు. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గేరు దించినా లాగడం లేదు. విజయవాడ ఆటోనగర్లో మేస్త్రి బానెట్ ఎత్తి, కాసేపు విని, "ఇంజన్ బోరుకొచ్చింది సార్, దించాల్సిందే" అన్నాడు. ఇంట్లో ఏమో "ఆ డబ్బేదో దాచి కొత్తది కొనుక్కోవచ్చుగా" అంటున్నారు.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఒక సాయంత్రం కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుని తేల్చేస్తారు. తేల్చాక ఆ పని చెయ్యాలి కదా! ఇంజన్ దింపితే దగ్గరుండి చేయించుకోవాలి. దాచాలనుకుంటే నెలనెలా దాచాలి. రెండూ ఒళ్ళు వంచాల్సిన పనులే. తెలివైనవాడు రెండిటినీ సగం సగం మొదలుపెడతాడు. ఇంజన్ సంగతేంటని అడిగితే కొత్త కారుకి దాస్తున్నానంటాడు. ఎంత దాచావని అడిగితే ఇంజన్ పని నడుస్తోందంటాడు. ఈ రెండు జవాబులతో ఏళ్ళు నెట్టుకురావచ్చు. కింద చెప్పినవి వరస తప్పకుండా చెయ్యండి.

1. రోగమేంటో తెలుసుకోకండి. గేజి పెట్టి నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్ చూస్తే ఏది నీరసపడిందో తెలిసిపోతుంది. పెద్ద పనేం కాదు, అదే దాంతో ప్రమాదం. నీలం పొగ రింగుల వల్లే రావాలని లేదు, టర్బో సీలు పోయినా వస్తుంది. టర్బో అని తేలిందా, ఇంజన్ దించకుండానే వ్యవహారం ముగుస్తుంది, మీ దగ్గర వాయిదా వెయ్యడానికి ఏమీ మిగలదు. కాబట్టి గేజి అడగకండి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని అడగండి. పెళ్ళిలో పక్కన కూర్చున్నాయన్ని అడగండి. పదిమంది పది రకాలుగా చెబుతారు, అన్నీ విని "ఇంకా క్లారిటీ రాలేదు" అనండి.

2. కారు విలువ మీరే కట్టండి. సెకండ్ హ్యాండ్ కార్లవాడు లక్షన్నర అన్నాడనుకోండి. అతనికి మీ కారు గురించి ఏం తెలుసు? ఇంట్లో ఉన్న బిల్లులన్నీ బయటికి తియ్యండి. నాలుగు టైర్లు 18 వేలు. బ్యాటరీ 5 వేలు. క్లచ్ ప్లేటు 9 వేలు. సీటు కవర్లు 6 వేలు. వెనక కెమెరా 4 వేలు. మొత్తం 42 వేలు. లక్షన్నరకి కలపండి, లక్షా తొంభై రెండు వేలయింది. ఇంజన్‌కి 80 వేలు పెడితే రెండు లక్షల డెబ్బై రెండు వేలు. పెట్టేకొద్దీ పెరుగుతోంది చూడండి! రెండు లక్షల డెబ్బై రెండు వేల కారుని లక్షన్నరకి ఎవరైనా అమ్ముకుంటారా? మీ ఆవిడ "అమ్మేద్దామండీ" అన్నప్పుడల్లా ఈ లెక్క చూపించండి. రేపు ఏసీ కంప్రెసర్ పోయినా దిగులు పడక్కర్లేదు, ఆ బిల్లు కూడా ఇదే కాగితంలో చేరుతుంది. ఈ కాగితాన్ని జాగ్రత్తగా దాచుకోండి. మిగతా చిట్కాలన్నీ దీని మీదే నిలబడ్డాయి.

3. ఇంజన్ దింపించండి, కానీ పని సగమే చెప్పండి.

ఇది కాస్త ఓపిగ్గా నేర్చుకోవాల్సిన విద్య. హెడ్డు ఊడదీశాక మేస్త్రి మిమ్మల్ని పిలిచి, మీ చూపుడు వేలు పట్టుకుని సిలిండర్ లోపల పై అంచు దగ్గర రాయిస్తాడు. గోరుకి సన్నటి గట్టు తగులుతుంది. రింగు తిరిగినంత మేరా గోడ అరిగిపోయి, రింగు అందని ఆ పై అంచు మాత్రం అరక్కుండా మిగిలిపోయింది, అదే ఆ గట్టు. అలా అరిగిన బోరు గుండ్రం పోయి కోలగా అవుతుంది. లేత్‌కి పంపి బోర్ చేయించాలి, ఓవర్‌సైజ్ పిస్టన్లు వెయ్యాలి, హెడ్ ఫేసింగ్, వాల్వ్ గ్రైండింగ్, బేరింగులు, టైమింగ్ చైన్, ఆయిల్ పంపు అని అతను వేళ్ళు మడుస్తూ చెబుతుంటాడు. గోరుకి తగిలినా తగల్లేదనండి. మాట ఇలా నడవాలి:

"మేస్త్రీ, రింగులు మాత్రం మార్చెయ్."

"బోరు అరిగింది సార్. కోలగా ఉన్నదాంట్లో కొత్త రింగు కూర్చోదు. రెండు నెల్లకి మళ్ళీ ఆయిల్ తాగుద్ది."

"రెండు నెలలు చాలు."

"మళ్ళీ దించాలి సార్, మళ్ళీ లేబర్ అవుద్ది."

"అప్పటికి కొత్తది కొనేస్తాంలే."

ఈ చివరి మాట చాలా ముఖ్యం. దాన్ని నమ్మకంగా అనండి. మేస్త్రి ఇంకేం మాట్లాడలేడు.

సామాను కూడా మీరే తెచ్చివ్వండి. కంపెనీ గ్యాస్కెట్ వద్దు, అందులో మూడో వంతుకి వచ్చే లోకల్ రకం తీసుకోండి. హెడ్ బోల్టులు పాతవే బిగించమనండి. ఒకసారి సాగిన బోల్టు మళ్ళీ అంత పట్టు పట్టదని మేస్త్రి గొణుగుతాడు, గొణగనివ్వండి. సామాను మీది, పని అతనిది. ఇంజన్ మళ్ళీ మొరాయించిన రోజున అతను "సామాను మంచిది కాదు" అంటాడు, మీరు "బిగించడం రాలేదు" అంటారు. ఎవరి తప్పూ తేలదు. తేలకపోతే ఎవరూ ఏమీ కట్టక్కర్లేదు, చివరికి మీరే కట్టినా అది రెండో చిట్కా ప్రకారం విలువలోకే వెళ్తుంది.

4. పవర్ పెంచే మాట ఎత్తండి. రిపేరు నడుస్తుండగా మనసు దాని మీదికి పోవడం సహజం, ఆపుకోకండి. స్విఫ్ట్‌లో ఉన్న 1248 సీసీ డీజిల్ ఇంజన్ ఫియట్ నుంచి వచ్చింది. స్విఫ్ట్‌లో అది దాదాపు 75 హార్స్‌పవర్ ఇస్తుంది. అదే ఇంజన్ వేరే రకం టర్బోతో ఎర్టిగాలో 90 ఇచ్చింది. ఇంకేం, యాక్సిడెంట్ అయిన ఎర్టిగా నుంచి ఊడదీసిన ఇంజన్ ఏదైనా దొరుకుతుందేమో చుట్టుపక్కల షెడ్లన్నీ వాకబు చెయ్యండి. వాకబుకే మూడు నెలలు పడుతుంది. ఆ మూడు నెలలూ మీ కారు షెడ్డులో రేకు కింద ఉంటుంది, మిమ్మల్ని ఎవరూ ఎక్కడికీ దింపమని అడగరు.

దొరికితే మాత్రం రవాణా శాఖకి చెప్పకండి. ఆర్సీలో ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు రెండూ ఉంటాయి. ఇంజన్ మారిస్తే ముందుగా అనుమతి తీసుకోవాలి, ఇంజన్ కొన్న కాగితాలు చూపించాలి, బండి తనిఖీకి పెట్టాలి, ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించాలి. ఇన్ని పనులు ఎవరు చేస్తారు? మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన తీరు మార్చకూడదంటుంది. 182ఎ సెక్షన్ ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు అంటుంది. "ఒక్కో మార్పుకి" అన్నారు కదా, ఇంజన్, టర్బో, సైలెన్సర్, ఈసీయూ రీమ్యాప్ అన్నీ ఒకే రోజు చేయించండి. అది ఒక్క మార్పే అని వాదించవచ్చు.

క్లచ్, బ్రేకులు పాతవే చాలు. పవర్ ఎక్కువై క్లచ్ జారడం మొదలుపెడితే ఇంకో బిల్లు, ఇంకో 9 వేల విలువ.

5. కారు షెడ్డులోంచి బయటికి తీసిన మర్నాడే శ్రీశైలం వెళ్ళండి. ఇంజన్ ఫ్రీ అయ్యేదాకా, అంటే మొదటి వెయ్యి కిలోమీటర్లు, మెల్లగా నడపమని, ఒకటే స్పీడులో లాగకుండా మారుస్తూ ఉండమని, తర్వాత ఆయిల్ మార్చేయమని మేస్త్రి చెబుతాడు. కొత్త రింగులు గోడకి సర్దుకోవడానికి ఆ టైము కావాలట. వాటికి అలవాటు చెయ్యాల్సింది మీరా? వినుకొండ, మార్కాపురం మీదుగా దోర్నాల చేరండి. లోపల ఆరుగురు, ఏసీ ఫుల్లు, పైన లగేజీ. రాత్రి పూట నల్లమలలో అటవీ శాఖ గేట్లు మూసేస్తుంది కాబట్టి ఆలస్యంగా బయల్దేరితే ఘాట్‌లో తొక్కుకుంటూ వెళ్ళడానికి మంచి కారణం ఉంటుంది. టెంపరేచర్ లైటు ఎర్రగా వెలిగితే అది వైరింగ్ ప్రాబ్లం అని పిల్లలకి చెప్పండి. హెడ్డు అల్యూమినియంది, అతిగా వేడెక్కితే వంగుతుంది, గ్యాస్కెట్ తెగుతుంది, కూలెంట్ లోపలికి దిగి తెల్ల పొగ వస్తుంది. వచ్చినా కంగారు పడకండి. మీరు బాగు చేయించమన్నది నీలం పొగ. అది పోయింది.

6. ఇప్పుడు దాచుకోవడం సంగతి. పోస్టాఫీసు ఆర్డీ జోలికి వెళ్ళకండి. అయిదేళ్ళది, మూడేళ్ళు నిండేదాకా మధ్యలో మూసెయ్యనివ్వరు. అలాంటి చోట డబ్బు నిజంగానే పోగుపడుతుంది, పోగుపడితే కారు కొనాల్సి వస్తుంది. మనకి కావాల్సింది దాస్తున్నట్టు ఉండి దాగకుండా ఉండే చోటు.

చీటీ వెయ్యండి. 5 లక్షల చీటీ, 25 నెలలు, నెలకి 20 వేలు. మొదటి నెల చీటీ సాధారణంగా కంపెనీ వాళ్ళే తీసుకుంటారు. రెండో నెల పాటలోనే మీరు దూకండి. అందరూ 50 వేలు, 60 వేలు తగ్గించుకుంటూ గొణుగుతుంటే మీరు ఒకేసారి లక్షన్నర అనండి. పాట మీదే. చేతికి వచ్చేది మూడున్నర లక్షలు. పోయిన లక్షన్నరలో కంపెనీ కమిషన్ తీసేసి మిగిలింది సభ్యులందరికీ పంచుతారు, అందులో మీ వాటా కూడా ఉంటుంది. అంటే మీరు పాడిన పాటకి మీకే డివిడెండ్. ఇంతకన్నా ఏం కావాలి?

జామీను అడుగుతారు. బావమరిదిని పెట్టండి. ప్రభుత్వ ఉద్యోగం ఉన్న బావమరిది అయితే మరీ మంచిది. "ఒక్క సంతకం చాలు, కొత్త కారుకే" అనండి. "అలాగే బావా" అంటాడు. కొత్త కారులో మొదట ఎక్కించేది అతన్నే అని మాట ఇవ్వండి, మాటకి డబ్బు కాదు.

చేతికొచ్చిన మూడున్నర లక్షల్లోంచి, హెడ్డు వంగింది కాబట్టి, ఒక లక్ష ఇంజన్‌కి తియ్యండి. తర్వాత ఇంకో యాభై. మిగిలింది ఇంటి పెయింటింగ్‌కి. ఇంకా 23 నెలలు చీటీ కడుతూనే ఉంటారు కాబట్టి "కారుకి దాస్తున్నాను" అని ఎవరితో అన్నా అది అబద్ధం కాదు. బ్యాంకు స్టేట్‌మెంటు కూడా చూపించవచ్చు.

7. కార్ల ధరలు తగ్గాయని ఎవరైనా అంటే, ఇంకా తగ్గుతాయనండి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం, పైన సెస్సు ఉన్నది 18 శాతానికి దిగింది. ఒకసారి తగ్గించినవాళ్ళు రెండోసారి తగ్గించరా? ఆగండి. ఆగడానికి ఖర్చేం లేదు.

8. ఆదివారాలు టెస్ట్ డ్రైవ్ పిలిపించుకోండి. మీ కారు షెడ్డులో ఉన్నంత కాలం ఇదే మీ కారు. ఫోన్ చేస్తే షోరూమ్ వాళ్ళు బండి ఇంటి ముందుకే తెస్తారు. అత్తగారిని రైలెక్కించాల్సిన టైముకి బుక్ చెయ్యండి. "ఫ్యామిలీతో చూడాలి, ట్రాఫిక్‌లో ఎలా ఉందో చూడాలి" అని బెంజి సర్కిల్ మీదుగా స్టేషన్‌కి పోనివ్వండి. సేల్స్ కుర్రాడు ముందు సీట్లో కూర్చుని సూట్‌కేస్ ఒళ్ళో పెట్టుకుంటాడు, పాపం మర్యాదస్తుడు. తిరుగు దారిలో "సీట్లు బాగున్నాయి, మైలేజీ ఒక్కటే డౌటు" అనండి. వారానికో షోరూమ్ చొప్పున తిరగండి. ఒకే కుర్రాడు రెండోసారి వచ్చాడంటే మీరు వేరే నంబరు నుంచి చెయ్యలేదన్నమాట.

9. ఆర్సీ రెన్యువల్ పక్కన పెట్టండి. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకి ముగుస్తుంది, మీది 2027లో. అక్కడి నుంచి తనిఖీ చేయించి అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. ఈ రెన్యువల్ ఫీజు 600 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5 వేలయింది. ఆలస్యమైతే నెలకి 500 అదనం. నెలకి 500 అంటే రోజుకి 17 రూపాయల లోపే. ఈ ఊళ్ళో 17 రూపాయలకి కారు పార్కింగ్ కూడా దొరకదు! పైగా తనిఖీకి తీసుకెళ్తే ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తి ఇంజన్ నంబరు చూస్తాడు, నాలుగో చిట్కాలో చేసిన పనంతా వృథా అవుతుంది.

10. ఇన్సూరెన్స్ వాళ్ళకి ఇంజన్ మారిందని చెప్పకండి. చెబితే ప్రీమియం పెంచుతారు. చెప్పకపోతే రేపు క్లెయిమ్ రోజున సర్వేయర్ నంబరు చూసి లేదంటాడు. లేదంటాడని ముందే తెలుసు కాబట్టి ఆ ఫారాలు నింపే శ్రమ, ఫొటోలు పంపే శ్రమ మీకు తప్పుతుంది.

11. చివరికి అమ్మాల్సిన రోజు వస్తుంది. షెడ్డువాడు స్థలం ఖాళీ చెయ్యమంటాడు, లేదా చీటీ వాయిదా బాకీ పడి బావమరిదికి నోటీసు వెళ్తుంది. అప్పుడు కూడా దారి ఉంది.

ప్రభుత్వం గుర్తించిన స్క్రాపింగ్ సెంటర్‌కి మాత్రం ఇవ్వకండి. వాళ్ళు కారుని రికార్డుల్లోంచి తీయించి ఒక సర్టిఫికెట్ ఇస్తారు. అది చూపిస్తే కొత్త కారు రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు, రోడ్డు ట్యాక్సులో 25 శాతం దాకా తగ్గింపు ఇవ్వచ్చని కేంద్రం రాష్ట్రాలకి చెప్పింది. ఆ కాగితం ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు కొత్త కారు కొనమని పోరుతూనే ఉంటారు.

చేతులు మారే బేరమే మేలు. ముందు రోజు ఇంజన్లో పల్చటి ఆయిల్ తీసేసి చిక్కటిది పోయించండి. చిక్కటి ఆయిల్‌కి టకటక శబ్దం అణుగుతుంది, పొగ కూడా ఒకటి రెండు రోజులు తగ్గుతుంది. కొనేవాడు వచ్చే గంట ముందు స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచండి, చల్లటి ఇంజన్ నిజం చెబుతుంది. రెండో చిట్కా కాగితం అతని ముందు పెట్టండి. ఇప్పటికి అందులో అయిదు లక్షలు దాటి ఉంటుంది. అతను 40 వేలు అంటాడు. ఇచ్చెయ్యండి, బేరాలాడే ఓపిక ఎవరికుంది?

ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి, తేదీ, కొన్నవాడి పేరు ఖాళీగా వదిలెయ్యండి. పద్నాలుగు రోజుల్లో రవాణా శాఖకి తెలియజెయ్యాలని రూలుంది, అది అతను చూసుకుంటాడు. చూసుకోకపోయినా మీకు దిగులు లేదు. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్ళే ఓనరని, యాక్సిడెంట్ జరిగితే బాధ్యత వాళ్ళదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే అమ్మినా కారు మీదే! డబ్బూ వచ్చింది, కారూ పోలేదు, నడిపే శ్రమ ఇంకొకడిది.

ఆర్సీకి మీ ఫోన్ నంబరే ఉంది కాబట్టి చలానాలు మీకే వస్తుంటాయి. డిలీట్ చెయ్యకండి, తెరిచి చూడండి. హైవే మీద స్పీడు గన్‌కి దొరికిన చలానా అయితే ఫొటో ఉంటుంది, తేదీ, చోటు ఉంటాయి. ఇన్నేళ్ళు మీరు డబ్బు పోసిన ఇంజన్ ఆ రోజు గంటకి ఎన్ని కిలోమీటర్లు లాగిందో కూడా అందులో ఉంటుంది. స్క్రీన్‌షాట్ తీసి మేస్త్రికి పంపండి.